ఇసుక మీద బోర్లా పడుకుని: సూర్యలంకలో ఒడ్డు పిట్టల ఫొటోలు, నా అనుభవం

నిలబడి లిటిల్ స్టింట్ అనే బుల్లి ఒడ్డు పిట్టని ఫొటో తీస్తే అందులో పిట్ట కంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. దీనికి లెన్సు ఖరీదుతో సంబంధం లేదు, లెక్క చూస్తే తెలిసిపోతుంది. స్టింట్ పొడవు ముక్కు నుంచి తోక దాకా 13 సెంటీమీటర్లు, బరువు పాతిక గ్రాములు అటూ ఇటూ. నిలబడినప్పుడు కన్ను నేలకి 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మనం 8 మీటర్ల దూరంలో నిలబడి, 150 సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే మన చూపు పిట్ట తల మీదుగా వెళ్ళి, దాని వెనక 45 సెంటీమీటర్లకే ఇసుకకి తగులుతుంది. అంటే బ్యాక్‌గ్రౌండ్ పిట్టకి రెండు జానల దూరం. ఎంత పెద్ద అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) పెట్టినా ఆ ఇసుక రేణువులు, గవ్వ ముక్కలు, పీత తోడిన ఉండలు అన్నీ కనిపిస్తాయి. మోకాళ్ళ మీద కూర్చుని 90 సెంటీమీటర్లకి దిగినా ఆ దూరం 80 సెంటీమీటర్ల లోపే. అదే బోర్లా పడుకుని లెన్సుని 15 సెంటీమీటర్లకి దించితే, చూపు నేలకి తగిలేది 9 మీటర్ల వెనక. సగం దాకా వంగితే సగం లాభం వస్తుందనుకోవద్దు. లాభమంతా చివరి రెండు జానలలోనే ఉంది.

అయితే "లెన్సు సరిగ్గా పిట్ట కంటి ఎత్తులో ఉండాలి" అని చాలామంది చెప్పే మాటని అక్షరాలా పాటిస్తే ఇక్కడ ఒక చిక్కొస్తుంది. చదునైన నేల మీద దిగంతరేఖ ఎప్పుడూ లెన్సు ఎత్తులోనే పడుతుంది. లెన్సు 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, ఆకాశమూ నేలా కలిసే గీత స్టింట్ కన్ను మీదుగా పోతుంది. ఎంత బ్లర్ అయినా ఆ గీత తలని రెండు ముక్కలు చేసినట్టే కనిపిస్తుంది. ఇంకా కిందికి దిగితే పొట్ట మీదుగా పోతుంది. అందుకే నేను స్టింట్‌కి లెన్సు మధ్యభాగం 14–15 సెంటీమీటర్ల దగ్గర ఉంచుతాను. గీత తలకి నాలుగైదు సెంటీమీటర్లు పైన పడి, తల వెనక ఒకటే రంగు మిగులుతుంది. శాండర్లింగ్ అనే పిట్ట కాస్త పెద్దది, పొడవు 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి దానికి ఇంకో నాలుగు సెంటీమీటర్లు లేపాలి. వెనక సరుగుడు తోపు ఉంటే ఈ బాధ తక్కువ. తోపు గీత దగ్గర మొదలై పైకి ముదురు పట్టీలా పరుచుకుంటుంది, తల దాని మీద చక్కగా తేలుతుంది.

ఆ తోపు వెనక రావాలంటే మొహం ఒడ్డు వైపు, వీపు సముద్రం వైపు ఉండాలి. మన తీరంలో ఉదయం వెలుగు కోసం వెళ్ళేవాళ్ళు మొదట తప్పు చేసేది ఇక్కడే. సూర్యుడు మనకి సముద్రంలోంచే లేస్తాడు. ఒడ్డున పడుకుని అలల వైపు గురిపెడితే పిట్ట నల్లటి బొమ్మ అవుతుంది. మొదటి పది నిమిషాలు అలాంటి ఎదురు వెలుగు ఫొటోలకి బాగుంటుంది, ముఖ్యంగా సంక్రాంతి ముందు మంచు పట్టిన రోజుల్లో. ఈకల అంచులకి బంగారు గీత వస్తుంది. కానీ ఈకల వివరం, కంట్లో మెరుపు కావాలంటే సూర్యుడు వెనక ఉండాల్సిందే.

సూర్యలంక నాకు నచ్చడానికి కారణం తీరం పడి ఉన్న తీరే. బాపట్ల దగ్గర ఒడ్డు తిన్నగా ఉత్తర దక్షిణాలుగా ఉండదు, తూర్పు ఈశాన్యం నుంచి పడమర నైరుతికి వాలి ఉంటుంది. సముద్రం దాదాపు దక్షిణాన. డిసెంబర్ ఆఖర్లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాక 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి లేస్తాడు. అప్పుడు తడి ఇసుక మీద పడమర వైపు చూస్తూ పడుకుంటే వెలుగు ఎడమ భుజం వెనక నుంచి పడుతుంది. కొంచెం కుడికి, ఒడ్డు వైపు ఐమూలగా తిరిగితే సూర్యుడు సరిగ్గా వీపు వెనక, సరుగుడు ఎదురుగా. ఏప్రిల్ మధ్యకి సూర్యుడు తూర్పుకి ఉత్తరంగా జరుగుతాడు కాబట్టి ఒడ్డు వెంబడి చూసినా వెలుగు ఇంచుమించు వీపు వెనక నుంచే. మంగినపూడిలో తీరం వేరేలా వాలి ఉంది. అక్కడ చలికాలం ఒడ్డు వెంబడి చూస్తే వెలుగు బాగా పక్కకి పడుతుంది, లోపలి వైపు చూడక తప్పదు. పైగా అక్కడ తెల్లటి ఇసుక కాదు, నల్లటి ఒండ్రు. దాని లెక్క వేరు, కింద చెప్తాను. ఉప్పాడలో కోత వల్ల బీచ్ సన్నబడిపోయింది, ఈ పనికి నేను దాన్ని ఎంచుకోను. పులికాట్‌లో సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సుని తూర్పు పడమరలుగా దాటుతుంది. శీతాకాలం ఉదయం ఆ రోడ్డుకి ఉత్తరం వైపు నేల మీద దిగి ఉత్తరం, వాయవ్యం వైపు చూస్తే వెలుగు వెనకే ఉంటుంది, అలల బాధ ఉండదు. అది అభయారణ్యం కాబట్టి అటవీ శాఖని అడిగి దిగాలి. షార్ గేటు వైపు లెన్సు తిప్పకూడదు. సూర్యలంకలోనూ ఎయిర్ ఫోర్స్ స్టేషన్ ఉంది, ఆ కంచె వైపు కూడా అంతే.

తర్వాత చూడాల్సింది ఆటుపోట్లు. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పక్షం రోజులకి మళ్ళీ ఇంచుమించు అదే టైముకి తిరిగొస్తుంది. అంటే ఒక ఊళ్ళో పోటు టైముకీ తిథికీ లంకె ఉంది. వల లాగేవాళ్ళు ఏ యాప్ చూడరు, తిథి చెప్తే పోటు ఎప్పుడో చెప్తారు. నేనూ గోడ మీద క్యాలెండర్‌నే నమ్ముకున్నాను. పిట్టలు బాగా దొరికిన రోజు తిథి రాసిపెట్టుకుంటే, వచ్చే పక్షం అదే తిథికి నీళ్ళు దాదాపు అలాగే ఉంటాయి. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ నీళ్ళు ఎక్కువ దూరం వెనక్కి పోయి ఎక్కువ తడి నేల బయటపడుతుంది. పిట్టలు అంత మేరా చెదిరిపోతాయి. అష్టమి, నవమి రోజుల్లో తేడా తక్కువ, తిండి దొరికే పట్టీ సన్నగా ఉంటుంది, పిట్టలు దగ్గరదగ్గరగా ఉంటాయి. కొత్తవాళ్ళకి ఇవే నయం. కార్తీక పౌర్ణమికి మాత్రం వెళ్ళొద్దు. ఆ తెల్లవారుజామున బీచ్ అంతా సముద్ర స్నానాల జనమే, పిట్ట కాలు పెట్టడానికి చోటుండదు. ఆదివారాలూ అంతే. మంగళ, బుధవారాల్లో జనం దిగే చోటు దాటి కిలోమీటరున్నర నడిస్తే ఒడ్డు ఖాళీగా దొరుకుతుంది.

పోటు వచ్చేటప్పుడు నీళ్ళే పిట్టల్ని మన వైపు నెడతాయి, ఆటు అప్పుడు అవి మన నుంచి దూరం జరుగుతాయి. ఇది చదివి అందరూ పోటునే ఎంచుకుంటారు. కానీ సముద్రానికి వీపు పెట్టి పడుకున్నవాడికి ఎక్కే నీళ్ళు కనపడవు. కాళ్ళు తడిసే సరికి తర్వాతి అల నడుం దాకా వస్తుంది, కెమెరా నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. నా పద్ధతి ఇది. బీచ్ మీద అయితే నీళ్ళు తీస్తున్నప్పుడే, అదీ చివరి అల మరక కంటే ఐదారు మీటర్లు పైన. పోటులో తీయాలంటే ఉప్పుటేటి మొగ దగ్గర, లోపలి వైపు. అక్కడ అల ఉండదు, నీళ్ళు నెమ్మదిగా పాకుతాయి. మొగల్లో వేరే ప్రమాదం ఉంది. పైన గట్టిగా కనిపించి లోపల మోకాలి దాకా దిగిపోయే బురద. ముందు కర్రతో పొడిచి చూడాలి, ఒంటరిగా దిగకూడదు. తిరిగొచ్చే దారిలో పాయ ఉంటే పోటుకి అది నిండుతుంది, చూసుకోవాలి.

సామాన్ల విషయానికొస్తే, లెన్సు 400 నుంచి 600 మిల్లీమీటర్లు చాలు. 8 మీటర్ల దూరంలో 600 లెన్సుతో 13 సెంటీమీటర్ల స్టింట్ సెన్సార్ మీద దాదాపు 10 మిల్లీమీటర్లు పడుతుంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) బాడీలో అది వెడల్పులో మూడో వంతుకి కొంచెం తక్కువ. క్రాప్ (చిన్న సెన్సార్) బాడీలో సగానికి కొంచెం తక్కువ. ఈ పనికి క్రాప్ బాడీ ఉన్నవాళ్ళు బాధపడాల్సింది ఏమీ లేదు.

లెన్సుని తడి ఇసుక మీద అంత తక్కువ ఎత్తులో నిలబెట్టి, మనతో పాటు ముందుకి జరుపుకోవడానికి ట్రైపాడ్ పనికిరాదు. కాళ్ళు పూర్తిగా పరిచినా ఇసుకలో గుచ్చుకుంటాయి, ప్రతి జరుపుకీ ఎత్తాలి, ఆ కదలికకే పిట్ట లేస్తుంది. బీన్ బ్యాగ్ బానే ఉంటుంది కానీ తడిని పీలుస్తుంది. అందులో బియ్యమో పెసలో నింపితే రెండో వారానికి కంపు కొడుతుంది. ఇంట్లో పాతబడ్డ పెనం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. 24–26 సెంటీమీటర్ల వెడల్పు, అంచు పైకి లేచిన నాన్‌స్టిక్ పెనం తీసుకుని పిడి ఊడదీయాలి. సరిగ్గా మధ్యలో 10 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వేసి, కింద నుంచి 3/8 అంగుళం బోల్టు ఎక్కించి, రెండు వైపులా వెడల్పు వాషర్లు పెట్టి, పైన నట్టు బిగించాలి. ఆ బోల్టు మీద బాల్ హెడ్, అంటే కెమెరాని ఎటైనా తిప్పుకునే బిగింపు, ఎక్కుతుంది. హార్డ్‌వేర్ షాపులో "పది ఎమ్మెమ్ బోల్టు" ఇస్తారు, చూడటానికి ఒకేలా ఉంటుంది. అది పట్టదు. హెడ్‌కి కావాల్సింది అంగుళానికి 16 మరలున్న 3/8 అంగుళం బోల్టు. హెడ్‌ని వెంట తీసుకెళ్ళి చేత్తో తిప్పి చూడాలి, రెండు చుట్లకే బిగుసుకుంటే అది కాదు, బలవంతం చేస్తే హెడ్ మరలు పోతాయి. నట్టు పైన బోల్టు ఒక సెంటీమీటరు లోపే మిగలాలి. ఎక్కువ మిగిలితే బోల్టు చివర హెడ్ లోపల అడుగుకి తగిలి ఆగిపోతుంది, హెడ్ పెనానికి ఆనకుండా ఊగుతూ ఉంటుంది. కింద బోల్టు తల చుట్టూ ఎం‌సీల్ పెట్టి నున్నగా రుద్దాలి, లేకపోతే ఆ తల ఇసుకలో నాగలిలా గీస్తుంది, నీళ్ళు కూడా లోపలికి వస్తాయి. చిన్న బాల్ హెడ్, ప్లేటు, లెన్సు కాలు అన్నీ కలిపి లెన్సు మధ్యభాగం 17–18 సెంటీమీటర్లకి వస్తుంది. స్టింట్‌కి ఇంకో మూడు తగ్గాలంటే లెన్సు చుట్టూ ఉండే పట్టీ, అంటే కాలర్‌ని తిప్పి కాలుని పక్కకి పెట్టి, హెడ్‌ని దాని పక్క గాడిలోకి వంచాలి.

పడుకోవడానికి ఆరడుగుల టార్పాలిన్ పట్టా చాలు. యోగా మ్యాట్ మెత్తగా ఉంటుంది కానీ గాలికి లేచి టపటపా కొట్టుకుంటుంది. మోచేతులకి మెత్తలు తప్పనిసరి, గవ్వ ముక్కలు చర్మాన్ని కోస్తాయి. పడుకునే ముందు ఆ చోటంతా ఒకసారి కళ్ళతో వెతకాలి. వలల్లోంచి ఏరి పారేసిన జెల్ల చేపలు ఇసుకలో సగం పూడి ఉంటాయి. ఎండిన తర్వాత కూడా వాటి ముల్లు సూదిలా నిలబడే ఉంటుంది, గుచ్చుకుంటే వారం వాపు. సీసా పెంకులు మామూలే. మిగతావి ఏముంటాయో మన బీచ్‌లు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, ఏసీ గదిలో పెట్టిన కెమెరాని తెల్లవారుజామున సముద్రపు గాలిలోకి తీస్తే ముందు గాజు, కొన్నిసార్లు లోపలి గాజు కూడా, ఆవిరి పట్టేస్తుంది. అది పోవడానికి అరగంట నుంచి ముప్పావుగంట. మంచి వెలుగు ఉండేదే గంటన్నర. రాత్రి సంచిని ఏసీ లేని వరండాలోనో, స్నానాల గది బయటో పెట్టాలి. కారులో వెళ్తుంటే చివరి అరగంట ఏసీ కట్టేసి కిటికీ దించాలి. ఆవిరి పట్టాక బట్టతో తుడిచి లాభం లేదు, మళ్ళీ పడుతుంది, ఉప్పు జిడ్డు అదనం.

డిసెంబర్, జనవరిలో బాపట్లలో సూర్యోదయం 6:20–6:40 మధ్య. ఆరింటికల్లా ఒడ్డున ఉండాలి. నిలబడి బైనాక్యులర్‌తో ఏ గుంపు ఎక్కడ ఉంది, ఎటు జరుగుతోంది చూడాలి. పిట్ట వైపు వెళ్ళడం కాదు, పిట్ట వచ్చే దారిలో ముందే పడుకోవడం అసలు పని. మేసే గుంపు ఊరికే తిరగదు, తడి పట్టీ వెంబడి ఒక దిక్కుగా జరుగుతూ పోతుంది. అది జరిగే దిక్కులో ముప్పై మీటర్లు ముందుకి, పొడి ఇసుక మీదుగా చుట్టు తిరిగి వెళ్ళి పడుకుంటే అవే వస్తాయి. పాకాల్సి వస్తే 40 మీటర్ల దగ్గర కూర్చుని, అక్కణ్ణుంచి పెనం రెండు జానలు తోసి, ఒళ్ళు రెండు జానలు లాగి, ఆగాలి. తిన్నగా వాటి మీదికి కాకుండా కాస్త పక్కకి వెళ్తున్నట్టు పాకాలి. తినడం ఆపి తలెత్తిందంటే ఆగిపోవాలి. ప్లోవర్ జాతి పిట్టలు తలని ఎక్కిళ్ళు వచ్చినట్టు ఎగరేస్తే అది ఇంకా గట్టి హెచ్చరిక. మళ్ళీ ముక్కు ఇసుకలో పెట్టే దాకా కదలకూడదు, రెండు నిమిషాలైనా ఐదు నిమిషాలైనా. పడుకున్న మనిషిని స్టింట్‌లు 8 మీటర్ల దాకా పట్టించుకోవు. సాండ్ ప్లోవర్లకి 12 నుంచి 15 మీటర్లు కావాలి. గుంపులో రెడ్‌షాంక్ ఉంటే ఈ లెక్కలన్నీ వదిలేయండి. అది దూరం నుంచే కూత పెట్టి అందరినీ లేపుకుపోతుంది.

పోటు నిండినప్పుడు పొడి ఇసుక మీద గుంపుగా ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయే పిట్టల దగ్గరికి నేను పాకను. ఫొటో సులువుగా వస్తుంది, నిజమే. కానీ లిటిల్ స్టింట్ ఆర్కిటిక్ టండ్రాలో గుడ్లు పెట్టి, మధ్య ఆసియా వలస దారి మీదుగా ఇక్కడికి వచ్చిన పిట్ట. తినడానికి నేల లేని ఆ రెండు మూడు గంటలు దానికి విశ్రాంతి. రోజుకి నాలుగుసార్లు కుక్కలు లేపుతాయి, మనం ఐదోసారి కాకూడదు.

మొదటి పావుగంటలో అనుకోని తంటా ఒకటి ఉంది, మన నీడ. సూర్యుడు 3 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, పడుకున్న మనిషి తల 40 సెంటీమీటర్లు లేచి ఉన్నా దాని నీడ ఏడున్నర మీటర్లు సాగుతుంది. పిట్ట 8 మీటర్లలో ఉంటే నీడ దాని కాళ్ళ ముందు దాకా పోతుంది. వెనక సంచి నిలబెట్టి ఉంటే పిట్ట మీదే పడుతుంది. అప్పటి దాకా సూర్యుడిని సరిగ్గా వీపు వెనక ఉంచుకోకుండా 20–30 డిగ్రీలు పక్కకి గురిపెట్టాలి. సూర్యుడు 5 డిగ్రీలు దాటాక నీడ నాలుగున్నర మీటర్లకి కుంచించుకుంటుంది, ఇక తిన్నగా తిరగొచ్చు.

ఎక్స్‌పోజర్‌కి నేను పూర్తి మాన్యువల్‌లో ఉంటాను. సూర్యుడి వెలుగు నిలకడగా పెరుగుతుంది, మబ్బు లేకపోతే ఊగదు. ఊగేదల్లా వెనక ఉన్న ఇసుక. తడి మెరుపు వస్తే కెమెరా మీటరు చీకటి చేస్తుంది, నల్ల ఒండ్రు వస్తే పిట్ట పొట్టని తెల్లగా కాల్చేస్తుంది. సూర్యోదయం అయిన 20 నిమిషాలకి ఎఫ్ 6.3 దగ్గర ఐఎస్ఓ 1600, షట్టర్ 1/1600తో మొదలుపెడతాను. గంట దాటేసరికి అదే షట్టర్‌కి ఐఎస్ఓ 400 సరిపోతుంది. పది నిమిషాలకోసారి హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగుల గ్రాఫ్) చూసి ఐఎస్ఓ ఒక మెట్టు దించుతూ రావాలి. శాండర్లింగ్ పొట్ట సున్నంలా తెలుపు, ముందు దాన్నే ఫొటో తీసి తెలుపు కాలిపోకుండా చూసుకుంటే మిగతా పిట్టలన్నీ అందులో ఇమిడిపోతాయి. ఆటో మోడ్‌లో తీసేవాళ్ళు మంగినపూడిలాంటి నల్ల నేల మీద ఎక్స్‌పోజర్ కనీసం ముప్పావు స్టాప్ తగ్గించాలి. రా ఫైలులో తీస్తున్నాం కదా అని ధీమా వద్దు, కాలిపోయిన తెలుపు రా ఫైలులో కూడా వెనక్కి రాదు.

ఫోకస్ దగ్గర ఎక్కువ ఫొటోలు పోతాయి. 8 మీటర్లలో 600 లెన్సు, ఎఫ్ 6.3, క్రాప్ బాడీ అయితే స్పష్టంగా ఉండే మందం నాలుగున్నర సెంటీమీటర్లు. పిట్ట అడ్డంగా నిలబడితే ఒళ్ళంతా అందులో ఇముడుతుంది. మన వైపు తిరిగితే ముక్కు, కన్ను అందుతాయి, తోక అందదు, దానికి కంగారుపడక్కర్లేదు. పెద్ద చిక్కు ముందు నేలతో. లెన్సు ముందు పిట్ట కాళ్ళకి అడ్డొచ్చే ఇసుక గట్టు ఉంటే అది కంటికి కనపడదు, ఫొటోలో మాత్రం పిట్ట కాళ్ళ మీద పొగలాంటి పట్టీ అవుతుంది. చాలామంది దాన్ని లెన్సు మురికి అనుకుని తుడుస్తూ కూర్చుంటారు. పడుకోగానే అరచేత్తో ముందు నేలని చదును చేసుకోవాలి. ఆటోఫోకస్ అలాంటి గట్టునే పట్టుకుంటుంది, అందుకే చిన్న పాయింటు పిట్ట మెడ మీద పెట్టాలి. పక్షి కన్ను గుర్తించే బాడీ ఉంటే సగం పని తేలిక. దూరం పరిమితి స్విచ్ ఒకసారి చూసుకోండి. చాలా 150–600 లెన్సుల్లో అది 10 మీటర్ల దగ్గర గీత గీస్తుంది. "10 నుంచి అనంతం" మీద ఉంచి మర్చిపోతే, 8 మీటర్లకి వచ్చిన పిట్ట మీద లెన్సు ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది, పిట్ట వెళ్ళిపోతుంది.

ఏ పిట్టతో మొదలుపెట్టాలి అంటే సాండ్ ప్లోవర్‌తో. అది పరిగెత్తుతుంది, ఆగుతుంది, ఒకటి రెండు సెకన్లు తలెత్తి చూస్తుంది, పొడుస్తుంది. ఆ ఆగిన క్షణం మనది. స్టింట్ తల కుట్టు మిషన్ సూదిలా పైకీ కిందకీ ఆడుతూనే ఉంటుంది. పది ఫొటోల్లో ఏడింటిలో కన్ను ఇసుక వైపే ఉంటుంది. తల లేచేదాకా ఆగి నొక్కితే ఆలస్యమవుతుంది. తల కిందికి వెళ్ళగానే నొక్కడం మొదలుపెట్టి నాలుగైదు ఫ్రేములు పోనివ్వాలి. శాండర్లింగ్ అల వెనక పరిగెత్తి, అల ముందు పరిగెత్తి వస్తుంది. కాళ్ళు ఆగినట్టు కావాలంటే 1/2000 తప్పదు. దానికి వెనక వేలు ఉండదు. పక్క నుంచి కాలు నేల నుంచి లేచిన ఫొటోలో ఆ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

గుర్తుపట్టడానికి కూడా ఈ కింది కోణమే పనికొస్తుంది. పై నుంచి తీస్తే వీపు తప్ప ఏమీ తెలియదు. 2023లో శ్రీలంక, దక్షిణ భారత తీరాల్లో గుడ్లు పెట్టే ప్లోవర్‌ని కెంటిష్ ప్లోవర్ నుంచి వేరు చేసి హనుమాన్ ప్లోవర్ అన్నారు, రామసేతువు ఉన్న చోటు పిట్ట కాబట్టి ఆ పేరు. రెంటినీ విడదీయడానికి చూసే వాటిలో కంటికీ ముక్కుకీ మధ్య నలుపు ఉందా లేదా, కాళ్ళ రంగు ముఖ్యం. రెండూ పక్క నుంచి, కంటి ఎత్తులో తీస్తేనే దొరుకుతాయి. మార్చి దాటాక ఇవి పొడి ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి, ఇసుక రంగులోనే ఉంటాయి. అప్పటి నుంచి పొడి ఇసుక మీద పాకడం మానేసి తడి పట్టీకే పరిమితం కావాలి. వలస వెళ్ళే పిట్టలు ఏప్రిల్‌లో ఎర్రబడతాయి, కర్ల్యూ సాండ్‌పైపర్, సాండ్ ప్లోవర్ రెండూ. ఆ రంగు కోసం వెళ్ళేవాళ్ళు సూర్యోదయం 5:50కే అయిపోతుందని గుర్తుంచుకోవాలి.

వెలుగు ఎప్పుడు అయిపోయిందో తెలియడానికి నిలబడినప్పటి మన నీడ చాలు. నీడ మన ఎత్తుకి మూడింతల కంటే పొడవున్నంతసేపే సూర్యుడు 18 డిగ్రీల లోపున్నట్టు. జనవరిలో అది ఎనిమిది దాటి పది నిమిషాల దాకా. ఆ తర్వాత కంటి పైన నీడ పడటం మొదలవుతుంది. దానికంటే ముందే కొన్ని రోజులు ఇంకోటి పని చెడగొడుతుంది, ఎండ ఆవిరి. ఇసుక వేడెక్కగానే నేలకి ఆనుకున్న గాలి వణుకుతుంది. మన చూపు మొత్తం ఆ జానెడు మందం గాలిలోంచే పోతుంది కాబట్టి నిలబడి తీసేవాడికి కనపడని వణుకు మనకి పడుతుంది. షట్టర్ 1/3200 పెట్టినా ఈకలు కరిగినట్టే ఉంటాయి. లెన్సు సర్వీసుకి ఇచ్చేముందు, లైవ్ వ్యూ పెద్దది చేసి పిట్ట అంచు కదులుతోందా చూడండి. కదులుతుంటే 15 మీటర్లకి అవతలి పిట్టల్ని వదిలేయాలి, తడి ఇసుక మీద దగ్గరవాటికి ఇంకో పావుగంట దొరుకుతుంది. ఏప్రిల్‌లో ఏడున్నరకే సంచి సర్దుకోవాలి.

సర్దేటప్పుడు లేచి నిలబడటమే ఎక్కువమంది చేసే తప్పు. గంటసేపు నమ్మిన గుంపంతా ఒక్కసారి లేచిపోతుంది, రేపు అదే చోట మనల్ని నమ్మదు. పాకుతూ పదిహేను ఇరవై మీటర్లు వెనక్కి వచ్చి, కూర్చుని, అవి ఇంకాస్త జరిగాక లేవాలి.

ఉప్పుని పొడిబట్టతో తుడవకూడదు, గింజలు గాజునీ రంగునీ గీస్తాయి. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, మంచినీళ్ళతో తడిపి గట్టిగా పిండిన బట్టతో బాడీ, లెన్సు గొట్టం, కాలర్ తుడిచి, తర్వాత ఆరిన బట్ట. జూమ్ గొట్టాన్ని తుడిచే దాకా లోపలికి తోయకూడదు, ఇసుక రింగు సందులోకి పోతే కరకరమంటుంది. బీచ్ మీద లెన్సు మార్చే ప్రశ్నే లేదు. బాల్ హెడ్ విప్పి మంచినీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. పెనాన్ని బక్కెట్లో కడిగి, ఎం‌సీల్ ఎక్కడైనా పగిలిందేమో గోటితో గీకి చూడాలి. నాలుగైదు ఉదయాలకోసారి అది అంచు దగ్గర విడుతుంది. అలాగే వదిలేస్తే బోల్టు తుప్పు పట్టి హెడ్‌కి అతుక్కుపోతుంది, అప్పుడు రెండు స్పానర్లతో కూడా ఊడి రాదు.